మూలుగుల గది

నెట్‌వర్కులు ఎలా నడవాలో నియమాలు రాసే ఆ సంఘంలో ఓట్లు లేవు, చేతులెత్తడాలు లేవు. ఏదైనా తేల్చాల్సి వచ్చినప్పుడు అందరూ నోరు మూసుకుని మూలుగుతారు. అధ్యక్షుడు "ఒప్పుకునేవాళ్ళు" అంటాడు. కొందరు పెదవులు విప్పకుండా "మ్మ్" అంటారు. "ఒప్పుకోనివాళ్ళు" అంటాడు. మిగతావాళ్ళు "మ్మ్" అంటారు. ఏ మూలుగు బరువుగా ఉందో ఆయన చెవి చెబుతుంది, అదే తీర్పు. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వాపుకోలేక దగ్గు నటిస్తారు. రెండు మూడు సమావేశాలకి వాళ్ళకీ అలవాటైపోతుంది.

మతిలేక పెట్టుకున్న పద్ధతి కాదది. చేతులెత్తితే లెక్కపెట్టాలి, లెక్కపెడితే ఎక్కువమందిని పంపిన కంపెనీదే రాజ్యం. పైగా ఎవరి చెయ్యి ఎటు లేచిందో అందరికీ కనిపిస్తుంది, మర్నాడు యజమాని ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. మూలుగుకి ముఖం ఉండదు కాబట్టి మనిషి తన బుద్ధికి తోచినట్టు మూలగొచ్చు. గదిలో అడుగు పెట్టాక ఎవరూ ఏ కంపెనీ మనిషీ కాదని నియమం కూడా ఉంది. జీతమిచ్చేవాణ్ణి తడిసిన గొడుగుతో పాటు బయటే వదిలి రావాలన్నమాట. అలా వదిలి వచ్చేవాళ్ళు ఎందరో ఎవరూ అడగరు.

ఆ సంఘంలో కామాలమ్మని ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరు అది కాదు. ఒక వాక్యంలో కామా ఎక్కడ పడాలన్నదాని మీద ఓ పూటంతా వాదించి, ఎదుటివాళ్ళని భోజనానికి కూడా లేవనివ్వకుండా గెలిచింది. ఆ రోజు నుంచి కామాలమ్మ అయింది. ఆ పేరు పెట్టింది ఆమె మొగుడే. అతను నెట్‌వర్కు డబ్బాలు తయారుచేసే కంపెనీలో పెద్ద ఇంజనీరు, ఆమె పరిశోధనా సంస్థలో ఉద్యోగి. ఇద్దరూ ఒకే సంఘంలో సభ్యులు, ఒకే ఇంట్లోంచి ఒకే కారులో సమావేశానికి వచ్చి, గుమ్మం దాటగానే చెరో వరసలో కూర్చునేవాళ్ళు. సరదాగా ఉండేది చూసేవాళ్ళకి.

కామాలమ్మ ఒక డ్రాఫ్టుకి, అంటే స్టాండర్డుగా అచ్చు కావాల్సిన నియమాల ముసాయిదాకి, సంపాదకురాలు. సంపాదకురాలంటే అధికారమనుకునేరు, ఒట్టి చాకిరీ. సంఘం ఏం తేలిస్తే అది రాయాలి, రాసినదాన్ని మళ్ళీ సంఘమే చీల్చి చెండాడుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఏళ్ల తరబడి అదే పని. దక్కేది మొదటి పేజీ మీద పేరు.

ఆ డ్రాఫ్టు సంగతి చెప్పాలంటే డబ్బాల సంగతి చెప్పాలి. మనం పంపే ఏ కబురైనా ముక్కలు ముక్కలై ప్రయాణిస్తుంది. ఆ ముక్కల్ని ప్యాకెట్లంటారు. దారిలో ప్రతి కూడలి దగ్గరా ఒక డబ్బా కూర్చుని, నువ్విటు పో, నువ్వటు పో అని వాటిని తోలుతుంది. డబ్బాలు వేలల్లో ఉంటాయి, ఎక్కడెక్కడో ఉంటాయి. ప్రతిదాని దగ్గరికీ మనిషి పోలేడు కాబట్టి ఒకచోట కూర్చుని దూరం నుంచే వాటికి ఆజ్ఞలు పంపిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆజ్ఞ కూడా ఆ దారినే పోవాలి. పంపిన ఆజ్ఞలో తప్పుంటే డబ్బా తన దారి తానే మూసుకుంటుంది. ఇక సరిదిద్దే ఆజ్ఞ దానికి చేరదు.

కామాలమ్మ తమ్ముడికి జరిగింది అదే. అంబులెన్సు ఫోన్లు చూసే కేంద్రంలో అతను నెట్‌వర్కు ఆపరేటరు. ఓ మధ్యాహ్నం దూరాన ఉన్న డబ్బాకి కొత్త సెట్టింగు పంపాడు. ఒక అంకె తప్పు పడింది. డబ్బా చెప్పినట్టు విని మూగబోయింది. దాని కింద ఉన్న ఫోన్లన్నీ మూగబోయాయి. తమ్ముడు ఎండలో పరుగెత్తుకుంటూ పోయి, తాళాలున్న మనిషిని వెతికి పట్టుకుని, చేత్తో డబ్బాని దారికి తెచ్చేసరికి చాలాసేపైంది. ఈలోగా ఊపిరందని ఒక ముసలావిడ అంబులెన్సు కోసం ఫోన్ చేస్తూ చేస్తూనే పోయింది. విచారణ చేసినవాళ్ళు ఆపరేటరు అజాగ్రత్త అని తేల్చి ఉద్యోగంలోంచి తీసేశారు. పై అధికారికి అప్పీలు ఒకటే మిగిలింది.

ఆ ముసలావిడ ఇల్లు తమ్ముడు ఉండే వీధిలోనే. ఆ ఇంటి ముందు నుంచి నడవలేక అక్క ఇంటికి వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచి గడప దాటలేదు. కూరగాయలు తరిగేవాడు, బట్టలు ఇస్త్రీ చేసేవాడు, ఎవరైనా బెల్లు కొడితే లోపలి గదిలోకి పోయేవాడు. అంతకుముందు నోరు తెరిస్తే మూయనివాడు. ఇప్పుడు అక్క పలకరిస్తే తలూపి ఊరుకుంటున్నాడు. బావతోనే కాస్తో కూస్తో మాట్లాడుతున్నాడు. మొగవాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని టీ తాగుతుంటే కామాలమ్మ ఆ మాటల చప్పుడు వింటూ, పోనీలే, ఈ మాత్రమైనా ఉంది అనుకునేది.

అప్పీలు చూస్తున్న యూనియన్ పెద్దమనిషి ఓ దారి చెప్పాడు. "డబ్బా చేతకానిదైతే మనవాడి నెత్తిన రుద్దడమేంటమ్మా? కొత్త సెట్టింగు పడగానే 'సరేనా' అని అడిగి, జవాబు రాకపోతే పాత సెట్టింగుకి తనంతట తానే పోవాలి. అలా పోయే డబ్బాలు బజార్లో ఉన్నాయిగా. అది తప్పనిసరి అని మీ స్టాండర్డులో ఉంటే చాలు, తప్పు ఆ డబ్బా కొన్నవాళ్ళది అవుతుంది. సంఘటన తర్వాత వచ్చిన స్టాండర్డైనా పర్లేదు, లోకం దేన్ని కనీసం అనుకుంటోందో అది చెబుతుందిగా."

ఆ నిబంధన డ్రాఫ్టులో అప్పటికే ఉంది. తమ్ముడికి ఇది జరగకముందే కామాలమ్మ రాసింది. తేలాల్సింది అది ఏ మాటతో ముగియాలన్నదే. ఈ డ్రాఫ్టుల్లో మొదటి పేజీలోనే రెండు మాటలకి అర్థం రాసిపెట్టి ఉంటుంది. "చేసి తీరాలి" అంటే, చేయని డబ్బా ఈ స్టాండర్డు పాటిస్తున్నట్టు చెప్పుకోడానికి వీల్లేదు. "చేయడం మంచిది" అంటే, తగిన కారణం ఉంటే చేయకపోయినా చెప్పుకోవచ్చు. కారణాలకేం, కంపెనీల దగ్గర కావలసినన్ని. కామాలమ్మ "చేసి తీరాలి" అని రాసింది. డబ్బాల కంపెనీలు "మంచిది" చాలన్నాయి. పాత డబ్బాల్లో రెండు సెట్టింగులు దాచుకునే చోటు లేదు, తప్పనిసరి చేస్తే అమ్మినవన్నీ స్టాండర్డుకి బయటే మిగిలిపోతాయి. మొగుడి కంపెనీ అమ్మినవే అందరికంటే ఎక్కువ.

సమావేశం రోజు పొద్దున తమ్ముడు బావ చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చిచ్చాడు. ఇచ్చి అక్కడే నిలబడ్డాడు.

"బావా, ఆ 'చేసి తీరాలి' అన్న మాట మీ కంపెనీ వాళ్ళు పడనిస్తారా?"

"ఆ గదిలో నేను కంపెనీ మనిషిని కాదురా, నీ బావని," అన్నాడతను బొత్తాలు పెట్టుకుంటూ. "మీ అక్క రాసిన నిబంధన నాకు తెలియదా? అది న్యాయం. నేను చూసుకుంటాగా."

తమ్ముడు నవ్వాడు. అన్నాళ్ళకి వాడి మొహాన నవ్వు కనిపించి కామాలమ్మకి కళ్ళు చెమర్చాయి. కారులో మొగుడి చెయ్యి పట్టుకుని, "నువ్వు కూడా మైకు దగ్గరికి వెళ్ళి రెండు ముక్కలు మాట్లాడు," అంది.

"నేను మాట్లాడితే మావాళ్ళకి అనుమానం వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ? మూలుగులో చూసుకుందాం."

సబబుగానే తోచింది ఆమెకి.

గది పొడుగ్గా ఉంది. చల్లగా ఉంది. ఆ చలికి అందరూ కోట్లు వేసుకునే కూర్చున్నారు. మధ్యలో మైకు, దాని వెనక వరస. కంపెనీల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాత డబ్బాల మీద ఎక్కడలేని జాలి కురిపించారు. "ఆపరేటరు జాగ్రత్తగా ఉంటే ఈ నిబంధన అవసరమే రాదు," అన్నాడొకాయన. కామాలమ్మకి ఒళ్ళు మండింది. మైకు దగ్గరికి వెళ్ళి, "మనుషులు తప్పు చేయరనుకుంటే మనకీ సంఘమే అక్కర్లేదు, అందరం ఇళ్ళకి పోదాం," అంది. కొందరు బల్లలు చరిచారు. తమ్ముడి సంగతి ఎత్తలేదు. సొంత కష్టం చెప్పుకుని నిబంధన గెలవడం ఆమెకి నామోషీ. కూడికలూ తీసివేతలూ చూపించి, ఆధారాలు చూపించి గెలవాలనుకుంది. అందులో కాస్త పొగరు కూడా ఉంది.

అధ్యక్షుడు నెరిసిన జుట్టు పెద్దాయన. ఆమెకి ఈ పని నేర్పింది ఆయనే. వాదనలు చాలనిపించాక గొంతు సవరించుకున్నాడు. "తలలు వంచుకోండి. ఎవరి వైపూ ఎవరూ చూడొద్దు. 'చేసి తీరాలి' అని ఉండాలనేవాళ్ళు మూలగండి."

కామాలమ్మ ఊపిరంతా బిగబట్టి మూలిగింది. గది గుయ్యిమంది. ఎప్పుడూ దూరంగా కూర్చునే మొగుడు ఆ రోజు సరిగ్గా ఆమె వెనకే కూర్చున్నాడు, అది ఆమెకి ధైర్యంగా ఉంది. వెనక నుంచి ఏమీ వినిపించలేదు. మెల్లగా మూలుగుతున్నాడులే అనుకుంది.

"'చేయడం మంచిది' చాలనేవాళ్ళు."

గది మళ్ళీ గుయ్యిమంది. ఈసారి వెనక నుంచి వినిపించింది. ముక్కు కాస్త పట్టేసినట్టు మొదలై, కిందికి దిగి, అక్కడే నిలిచే గొంతు. తలనొప్పి వచ్చినప్పుడు ఆమె తొడమీద తలపెట్టుకుని అలాగే మూలుగుతాడు. స్నానం చేస్తూ పాట అందుకున్నా అదే గొంతు. ముఖం లేని మూలుగు మిగతా ప్రపంచానికి. ఆమెకి మాత్రం మనిషి మొత్తం వినిపించాడు.

పెద్దాయన చెవి తేల్చుకోలేకపోయింది. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మళ్ళీ ఓసారి." మొదటిదానికి కామాలమ్మ గొంతు సరిగా పెగల్లేదు. రెండోది మొదలవగానే ఆమె నియమం తప్పి వెనక్కి తిరిగి చూసింది. మొగుడి పెదవులు మూసుకుని ఉన్నాయి, కంఠం అదురుతోంది. అతనూ ఆమెని చూశాడు. చూసి ఆపలేదు.

"గది 'మంచిది' వైపు మొగ్గుతోంది," అన్నాడు పెద్దాయన. ముందున్న కంప్యూటర్లో ఆ ముక్క టైపు చేసుకుని తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయాడు. తమ్ముడి బతుకు అంతటితో సరి.

కాఫీ మిషన్ దగ్గర మొగుడు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. "నేనొక్కణ్ణి మానితే మారేదా?"

"ఒక్కలాగే ఉన్నాయన్నాడు ఆయన. విన్నావుగా."

"నా పక్కన మా డైరెక్టరు కూర్చున్నాడు. నా గొంతు ఆయనకి తెలుసు. ఇల్లు గడవద్దా? మీ తమ్ముడితో సహా తినేది ఆ జీతమేగా."

"నీ గొంతు నాకూ తెలుసు," అంది కామాలమ్మ.

అతని ముఖం గట్టిపడింది. "ఎవరు ఎటు మూలిగారో ఎవరూ ఎవరినీ అడక్కూడదు. ఇన్నేళ్లుగా ఉన్నదానివి, నేను చెప్పాలా?" అని కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. నియమం అతని పక్షానే ఉంది.

ఆమె పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆ మాట నేను మార్చలేను. నా పేరు తీసేయండి. ఇంకెవరికైనా అప్పజెప్పండి."

ఆయన ఆమెని కూర్చోబెట్టాడు. "అమ్మా, నువ్వు తప్పుకుంటే కలం ఎవరి చేతికి పోతుందో నీకు తెలుసు. నువ్వుంటే 'మంచిది' అయినా నిలుస్తుంది. వాళ్ళ చేతికి పోతే 'ఇష్టమైతే చేయవచ్చు' అవుతుంది. ఇన్నేళ్ల పని అది. బూడిదలో పోస్తావా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. సగం ఆ కారణానికే ఉండిపోయింది కామాలమ్మ. మిగతా సగం కారణం మొదటి పేజీ మీది పేరు. ఇంత చాకిరీ చేసి చివరికి ఇంకొకడి పేరు చూడ్డానికి మనసొప్పలేదు. మనిషన్నాక ఆ మాత్రం ఆశ ఉంటుంది, ఆమెకీ ఉంది. "చేసి తీరాలి" కొట్టేసి "చేయడం మంచిది" అని తన చేత్తోనే టైపు చేసింది. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో మరోసారి చూసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు తలుపు తీసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. కామాలమ్మ చెప్పులైనా విప్పకముందే మొగుడు వాడి భుజం మీద చెయ్యేశాడు.

"ఎంత గట్టిగా మూలిగానో, గొంతు మండిపోతోందిరా. ఏం లాభం? వాళ్ళు మందలా వచ్చారు."

తమ్ముడు కిందికి చూస్తూ నిలబడ్డాడు. "పోనీలే బావా. నువ్వు నిలబడ్డావు, అది చాలు."

మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా కళ్ళముందు కనిపించింది. వీడు ఆ క్షణమే బట్టలు సర్దుకుంటాడు. ఆ వీధికి తిరిగి వెళ్తాడు, ఆ ఇంటి ముందు నుంచి రోజూ నడుస్తాడు. వీడు నోరు విప్పి మాట్లాడే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కణ్ణీ వీడికి లేకుండా చేయాలి. తర్వాత తన కాపురం ఎన్ని ముక్కలవుతుందో ఆ లెక్క వేరు. కామాలమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఊరికే నీళ్ళ కింద చేతులు పెట్టి నిలబడింది.

అప్పీలు రోజున యూనియన్ పెద్దమనిషి ఆమెని సాక్షిగా పిలిపించాడు. స్టాండర్డు అచ్చయిపోయింది, "మంచిది" అనైనా ఉంది కదా, నిబంధన ఎంత ముఖ్యమో నిపుణురాలిగా చెప్పమన్నాడు. మునిగేవాడికి ఏది దొరికితే అదే. అధికారి బక్కపలచటి మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చదివేవాడు. ఎవరి మీదా కోపం ఉన్నట్టు లేడు. పక్కన ఒక టైపిస్టు. ఎదురుగా తమ్ముడు, అన్నాళ్ళకి గడప దాటి, వదులైపోయిన కోటులో.

అధికారి పేజీలు తిప్పాడు. "ఇక్కడ 'చేయడం మంచిది' అనే ఉందండీ. తప్పనిసరి అని లేదు."

"లేదండీ. కానీ..."

"దీనికి సంపాదకులు మీరేనా?"

"అవునండీ."

"ఈయన మీకేమవుతారు?"

"తమ్ముడు."

అధికారి కళ్ళజోడు తీసి ఆమెని చూశాడు. "సొంత తమ్ముడి విషయంలో, చేతిలో కలం ఉండి కూడా, మీకే ఇది తప్పనిసరి అనిపించలేదు. నేనెలా తప్పనిసరి అనుకోవాలి?"

"అది నా నిర్ణయం కాదండీ, సంఘానిది. నేను ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదని ఎక్కడైనా నమోదైందా? ఎవరు ఎటు ఓటేశారో?"

"మా దగ్గర ఓట్లుండవండీ."

"మరెలా తేలుస్తారు?"

"మూలుగుతాం," అంది.

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. అధికారి వినపడనట్టు ముందుకి వంగాడు. "ఏం చేస్తారూ?"

"మూలుగుతామండీ. ఎవరు మూలిగారో రాసుకోం. తెలియకూడదనే అలా..."

గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. అధికారి నవ్వలేదు, కాస్త జాలిగా చూశాడు. "అది టైపు చేయకండి," అన్నాడు టైపిస్టుతో. తర్వాత చాలాసేపు పట్టలేదు. ఆపరేటరు అజాగ్రత్త అన్న తీర్పులో మార్పు లేదు, సాక్షి తయారుచేసిన స్టాండర్డు ప్రకారమే ఆ డబ్బాలో లోపం లేదు, అప్పీలు కొట్టేశాం, అని అధికారి చదివాడు. కామాలమ్మ పేరు కూడా చదివాడు. పూర్తి పేరు, పక్కన హోదా.

బయట మెట్ల దగ్గర మొగుడు కారు తెచ్చి నిలబెట్టి ఉన్నాడు. కామాలమ్మ తమ్ముడి మోచెయ్యి పట్టుకోబోయింది. వాడు విసిరికొట్టలేదు, మెల్లగా విడిపించుకున్నాడు. కోపం లేదు వాడి కళ్ళలో. ఉంటే బాగుండును అనిపించింది ఆమెకి.

"నువ్వే రాశావా అక్కా?" అన్నాడు. "ఆ మాట. నువ్వే రాశావని నాకెందుకు చెప్పలేదు?"

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. కానీ ఇప్పుడు ఏం చెప్పినా తన మెడకి చుట్టుకున్నదాన్ని మొగుడి మెడకి తగిలిస్తోందనే అనుకుంటాడు. ఆమె పేరు కాగితం మీద ఉంది, అధికారి చదివాడు, వీడు విన్నాడు. అతని మూలుగు ఎక్కడుంది? గాలిలో పుట్టింది, గాలిలోనే పోయింది. విన్నది తనొక్కతే.

"బావని అడుగు," అంది ఆఖరికి. "ఆ రోజు గదిలో ఏం జరిగిందో బావని అడుగు."

తమ్ముడు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. కారు దగ్గరికి వెళ్ళి బావ భుజం మీద తల వాల్చేశాడు. అన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. "నాకోసం నిలబడింది నువ్వొక్కడివే బావా," అన్నాడు ఎక్కిళ్ళ మధ్య.

మొగుడు వాడి వీపు నిమిరాడు. నిమురుతూ, మెట్ల మీదున్న ఆమె వైపు చూడకుండా, మెత్తగా అన్నాడు.

"ఊరుకోరా. అక్కనేమీ అనకు."